ట్రాక్టరు వెనుక గరగర శబ్దం: విప్పే ముందు వినాలి

దమ్ము పనులు ముమ్మరంగా సాగే రోజుల్లో ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టరు వెనుక నుండి గరగరమనే రాపిడి శబ్దం మొదలైతే రైతుకు సాధారణంగా రెండే మార్గాలు కనిపిస్తాయి. నాట్లు ముగిసేవరకు బండిని అలాగే నడిపించడం ఒకటి. వెనుక హౌసింగును వెంటనే విప్పించడం రెండవది. మొదటి దానివల్ల చిన్న లోపం పెద్దదవుతుంది. రెండవ దానివల్ల అదను తప్పుతుంది. లోపం లేని భాగాలకు సైతం డబ్బు ఖర్చయ్యే ప్రమాదముంది. విప్పే ముందు కొద్దిసేపు క్రమపద్ధతిలో పరీక్షించడం మూడవ మార్గం. దీనిని రైతులకు నేర్పవలసిన బాధ్యత విస్తరణ వ్యవస్థకు కూడా ఉందని నా అభిప్రాయం.

ఆకుపై మచ్చ కనిపించగానే మందు పేరు చెప్పరాదని మన విద్యార్థులకు బోధిస్తున్నాము. మచ్చ ఎప్పుడు మొదలైంది, పొలమంతటా ఉందా, ఏ ఎరువు వేశారు అని అడిగిన తరువాతనే నిర్ధారణకు రమ్మంటాము. యంత్రం విషయంలోనూ ఇదే క్రమశిక్షణ అవసరం. శబ్దం ఏ పరిస్థితిలో పుడుతోంది, ఏ పరిస్థితిలో ఆగుతోంది అన్నదే అసలు ప్రశ్న.

బండి నిలిచి ఉండి, న్యూట్రల్‌లో ఇంజిను వేగంతో పాటు శబ్దం పెరిగితే చక్రాల వైపు వెతకనవసరం లేదు. క్లచ్, గేరుబాక్సు ముందు భాగం, హైడ్రాలిక్ పంపులను అనుమానించాలి. పీటీఓ కలిపినప్పుడే వస్తే, ఇంజిను ఆపి రోటవేటరును విడదీసి మరల వినాలి. అప్పుడు శబ్దం పోతే లోపం రోటవేటరులోనో, దాని షాఫ్టు జాయింట్లలోనో ఉన్నట్లు.

బండి కదిలినప్పుడే వచ్చే శబ్దానికి వేరే పరీక్షలున్నాయి. బరువు లాగేటప్పుడు ఒక రకంగా, యాక్సిలరేటరు వదిలినప్పుడు మరొక రకంగా వినిపిస్తే క్రౌన్ వీల్, పినియన్‌లను అనుమానించాలి. మలుపుల్లో మాత్రమే వస్తే డిఫరెన్షియల్‌లోని చిన్న గేర్లను, డిఫరెన్షియల్ లాక్ పూర్తిగా విడివడిందా అన్న విషయాన్ని చూడాలి. గేరు మార్చినా మారక, చక్రం వేగాన్నే అనుసరిస్తూ ఒకవైపు నుండి వస్తే ఇరుసు బేరింగు లేదా ఫైనల్ డ్రైవ్ వైపు దృష్టి సారించాలి. బ్రేకు తొక్కినప్పుడే వస్తే బ్రేకు ప్లేట్లతో పాటు ఆయిల్‌నూ పరిశీలించాలి. ఆయిల్‌లో మునిగి ఉండే బ్రేకులున్న ట్రాక్టర్లలో, తయారీదారు సూచించిన రకానికి బదులు మామూలు గేరు ఆయిల్ పోసినా బ్రేకులు మూలుగుతాయి.

ఫోర్ వీల్ డ్రైవ్ విషయంలో మరొక జాగ్రత్త అవసరం. ఈ ట్రాక్టర్లలో సాధారణంగా ముందు, వెనుక ఇరుసుల మధ్య డిఫరెన్షియల్ ఉండదు. ముందు చక్రాలు నేలపై కొద్దిగా ఎక్కువ వేగంతో తిరిగేలా నిష్పత్తిని అమరుస్తారు. మెత్తని నేలలో చక్రాలు జారి ఆ తేడా సర్దుకుంటుంది. తారురోడ్డుపై ఆ వీలు లేనందున షాఫ్టులు, గేర్లపై ఒత్తిడి పేరుకుంటుంది. ముందు ఇరుసుకు శక్తినందించే గేర్లు సీటు కిందుగా ఉన్న బండ్లలో, వాటి శబ్దం వెనుక ఇరుసు శబ్దంగా భ్రమింపజేయగలదు. మెత్తని నేలపై ఫోర్ వీల్ డ్రైవ్ కలిపి ఒకసారి, విడదీసి ఒకసారి నడిపితే తేడా తెలుస్తుంది. ఒక జత టైర్లను వేరే కొలతతో మార్చారా అని కూడా విచారించాలి.

చివరి సాక్షి ఆయిల్. అది పాలవలె తెల్లబారితే నీరు చేరినట్లే. ఇరుసు మునిగేలా దమ్ము చేసే పొలాల్లో పాడైన సీళ్ల ద్వారా నీరు ప్రవేశిస్తుంది. డ్రెయిన్ ప్లగ్గు అయస్కాంతంపై మెత్తని బూడిదరంగు ముద్ద కొద్దిగా ఉండటం సహజమైన అరుగుదల. లోహపు పొలుసులు, ముక్కలు కనిపిస్తే బండిని ఇక నడపరాదు.

ఈ పరీక్షలకు హద్దులున్నాయి. ఇనుప హౌసింగులో శబ్దం ప్రయాణించి చెవిని మోసగించగలదు. కాబట్టి ఒకసారికి ఒక్క పరిస్థితినే మార్చి వినాలి. వెనుక చక్రాలను మాత్రమే జాకీలపై లేపి, గేరు వేసి ఇంజిను నడపడం ఎంతమాత్రం తగదు. ఫోర్ వీల్ డ్రైవ్ కలిసి ఉంటే ముందు చక్రాలు బండిని జాకీలపై నుండి లాగివేస్తాయి.

విస్తరణ సిబ్బందికి ఇప్పటికే పనిభారం ఎక్కువని, మరమ్మతు మెకానిక్కు పని అని అభ్యంతరం రావచ్చు. నేను కోరుతున్నది మరమ్మతు నేర్పమని కాదు. మెకానిక్కుకు ఏమి చెప్పాలో రైతుకు నేర్పమని మాత్రమే. “వెనుక శబ్దం వస్తోంది” అనే రైతుకూ, “కుడి మలుపులో మాత్రమే, ఫోర్ వీల్ డ్రైవ్ విడదీసినా వస్తోంది” అనే రైతుకూ అందే సేవ ఒకటి కాదు. గ్రామీణ అనుభవ కార్యక్రమానికి వెళ్లే విద్యార్థులు పై ప్రశ్నలతో ఒక పేజీ పత్రాన్ని తయారుచేసి, ట్రాక్టరు యజమానులతో నింపించవచ్చు. అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ వంటి చోట్ల ఉన్న అనుభవాన్ని ఇందుకు వినియోగించుకోవాలి. వచ్చే ఖరీఫ్ దమ్ముకు ముందే ఈ పత్రం రైతుల చేతికి చేరాలి; శబ్దం మొదలైన తరువాత నేర్చుకునేందుకు వారికి వ్యవధి ఉండదు.