కాలీ మెహెందీ అనే చెట్టే లేదు



మోదుగు పూసిందంటే మా సిద్దిపేటకు బహార్ వచ్చినట్టే. ఇప్పుడు ఈద్ గూడ ఈ మౌసమ్‌లనే పడుతున్నది. 2025ల మార్చి 30న ఉగాది అయితే, తెల్లారి 31న ఈద్. ఇంటికి సున్నం, పిల్లలకు కొత్త బట్టలు, చేతులకు మెహెందీ, ఆఖరుకు తలకు రంగు. మరీ నిగనిగలాడే నలుపు కాకున్నా, సఫేదీని జర కప్పి తాజాగ కనబడాలన్న షౌక్‌ల తప్పేం లేదు. నా పేచీ ఆ షౌక్‌తోని కాదు. దానికోసం కొనే ప్యాకెట్ మీది పేరుతోని.

"కాలీ మెహెందీ" అని రాసుంటది. బొమ్మ పచ్చటి ఆకుది. చిల్లర పైసలకు ఏ కిరాణా దుకాణంలనైనా దొరుకుతది. కానీ గోరింటాకుల ఉండే రంగు, లాసోన్, ఎరుపు నారింజ రంగే ఇస్తది. రాజస్థాన్ సోజత్‌ల పండినా, మన పెరట్ల పండినా నలుపు ఇయ్యది. మరి ప్యాకెట్ల నలుపు ఎక్కడిది? చాలావాటిల్ల అది పీపీడీ అనే కెమికల్‌ది. పూరా పేరు పారాఫెనిలీన్ డయామిన్. పూసిన అరగంటకే కారునలుపు ఎక్కిందంటే అది ఆకు చేసిన పని కాదు.

ఇది అందరికీ పడదనేం లేదు, చాలామందికి ఏం కాదు. పడనోళ్లకు మాత్రం మాడు దురద పెట్టి, రసి కారి, కండ్ల రెప్పలు ఉబ్బుతయి. ఒకసారి ఒళ్లు దీన్ని దుష్మన్ అనుకున్నదంటే ఆ అలర్జీ జిందగీ మొత్తం ఉంటది. అమెరికా కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2006ల దీన్నే ఆ ఏటి అలర్జెన్‌గ ప్రకటించింది. యూరప్‌ల తలకు పూసే రంగుల ఇది 2 శాతం దాటొద్దని హద్దు ఉన్నది. చర్మం మీద పూసుకునే దాంట్ల కలుపనీకి అమెరికాల ఇజాజత్ లేదు. చాంద్ రాత్ నాడు పిల్లల చేతులకు నల్ల కోన్ పెట్టే తల్లులు ఈ మాట యాద్ పెట్టుకోవాలె.

మన దగ్గర ఖిజాబ్ మీద బహస్ ఎప్పుడొచ్చినా మగోళ్ల గడ్డం చుట్టే తిరుగుతది. మక్కా ఫతహ్ అయిన రోజు హజరత్ అబూబకర్ (ర) తండ్రి అబూ ఖుహాఫాను తీసుకొస్తే, ఆయన తెల్లజుట్టు చూసి హుజూర్ (స) దాని రంగు మార్చమన్నరు, నలుపు మాత్రం వద్దన్నరు. ఇది సహీ ముస్లింల ఉన్నది. నలుపు ఎవరికి, ఎంతవరకు జాయెజ్ అన్నదాంట్ల ఉలేమాల మధ్య ఇఖ్తిలాఫ్ ఉన్నది. అది వాళ్లకే వదిలేస్త.

కానీ అదే సహీ ముస్లింల ఇంకో కిస్సా ఉన్నది. బజార్ల ధాన్యం కుప్పల హుజూర్ (స) చెయ్యి పెడితే లోపల తడి తగిలింది. వానకు తడిసిందన్నడు అమ్మేటోడు. మరి తడిసింది పైన ఎందుకు పెట్టలేదని అడిగిన్రు. ధోకా చేసేటోడు మనోడు కాదన్నరు. పైన ఆకు బొమ్మ, లోపల పీపీడీ: ఇది తడి ధాన్యం కాక ఇంకేంది? నలుపు హరామా హలాలా అని గంటలు కొట్లాడెటోళ్లం, ఈ ధోకా గురించి జుమా బయాన్‌ల ఒక్క మాట ఎందుకు మాట్లాడం?

ఈ ప్యాకెట్ కొనేది ఎక్కువగ గరీబ్ ఆడోళ్లు. బీడీలు చేసి బతికే ఖాలా, బిడ్డ పెండ్లిల తెల్లజుట్టుతోని నిలబడితే మాటలు పడతనని భయపడే తల్లి. పార్లర్‌కు పోయే తాకత్ లేదు. మెహెందీ అన్న మాట మీదనే వాళ్ల ఎతెబార్. ఆ ఎతెబార్‌నే అమ్ముకుంటున్నరు. పీపీడీ ఉన్న రంగుల మీద హెచ్చరిక ఇంగ్లీషుల, స్థానిక భాషల్ల ఉండాలని మన దేశంల కానూన్ ఉన్నది. అది చదవగలిగేటంత పెద్దగ, తెలుగుల, ఉర్దూల కనబడాలె.

అంతదాంక మన చేతుల ఉన్నది మనం చేద్దాం. లోపల ఏం కలిపిన్రో రాసి లేని ప్యాకెట్ కొనొద్దు. ఏ రంగైనా ముందు చెవి వెనక జర రాసి 48 గంటలు ఆగాలె. హల్కా రంగు కావాల్నంటే ఖాలిస్ మెహెందీ పొడిని రాత్రి నానబెట్టి, పూసే ముందు నీలి ఆకు పొడి కలిపితే గోధుమ రంగు వస్తది. నలుపు రాదు, పని ఒక పూట పడుతది. కానీ నల్లవెంట్రుకల మధ్య అది ఎండల మెరుస్తది, పెరిగేటప్పుడు కుదుళ్ల దగ్గర గీత కొట్టొచ్చినట్టు కనబడది. అసలు రంగే వద్దనుకున్నోళ్ల సఫేదీని గూడ ఎవరూ ఐబ్ అనొద్దు.

రంగు వేసుకునుడు, మానుడు మీ మర్జీ. అది ఏంటిదో తెలుసుకునుడు మాత్రం మీ హక్.