అలక యంత్రమునకు లేదు

కర్ణాటకమున 2000 దశకపు తొలి యేండ్లలో ‘భూమి’ పథకముచే 177 తాలూకాల పహణీలు కంప్యూటరు కెక్కినవి. చేతివ్రాత పహణీ చెల్లుబాటు పోయినది. అందు తప్పు దిద్దించుకొన ముళబాగిలు కచేరికి వచ్చిన కురుడుమలె రైతు, ‘కంప్యూటరు ఒప్పుకొనలేదు, రేపు రా’ అను మాట విన్నచో, ఒకనాటి కూలి పోయినట్లే. కన్నడము చదువరాని తెలుగు వృద్ధునికి మారు మాటయు తోచదు.

అలక యంత్రమునకు లేదు, మనస్సునకే. యంత్రమును పగతుగా నెంచు గుమాస్తా, బాగుచేయ వచ్చినవానిపై విసుగుకొని, ‘పనిచేయుట లేదు’ అని ఊరకుండును. నేర్వగోరు గుమాస్తా తానేమి నొక్కెనో, తెరపై నేమి కనబడెనో వ్రాసియుంచి చెప్పును. చిక్కు త్వరగా వీడును. బాగుచేయువాడును అడిగినవారిని అజ్ఞులుగా చూడరాదు. కచేరులలోని మన తెలుగువారు ఈ మర్యాదకు మార్గదర్శకులు కావలెనని మా మనవి.