సాయంత్రానికి వాలిపోయే రెప్పలు

పొద్దున్నే లేచి కళ్లాపి చల్లి, ముగ్గేసి, పిల్లలకు క్యారేజీలు కట్టిన ఇల్లాలు... సాయంత్రమయ్యేసరికి కనురెప్ప ఎత్తలేకపోతుంది. ఉదయం గలగలా మాట్లాడిన మనిషి గొంతు రాత్రికి ముక్కుతో మాట్లాడినట్టుంటుంది. నాలుగు ముద్దలు తినేసరికి దవడలు అలిసిపోతాయి. మర్నాడు చూస్తే మళ్లీ మామూలే! ‘ఏటే అమ్మా, పొద్దుటేల బాగానే ఉన్నావు గదా’ అంటుంది అత్తగారు. పని తప్పించుకోడానికి వేషాలంటారు ఇరుగుపొరుగు. ఇంకొందరైతే ఎవరో చిల్లంగి పెట్టారని చెవులు కొరుక్కుంటారు.

అది బద్ధకమూ కాదు, చిల్లంగీ కాదు. మయస్థీనియా గ్రావిస్ అనే అరుదైన జబ్బు అలాగే మొదలవుతుంది.

కాపలాదారే కర్ర ఎత్తితే...

బయటి నుంచి వచ్చే క్రిముల్ని తరిమికొట్టడానికి మన ఒంట్లో ఓ రక్షణ వ్యవస్థ ఉంటుంది. అది పొరబడి సొంత ఒంటిమీదే దాడికి దిగితే వచ్చేవే ఆటో ఇమ్యూన్ జబ్బులు. 2022 అక్టోబరులో నటి సమంత తనకు మయోసైటిస్ ఉందని ప్రకటించాక ఈ మాట తెలుగువారి ఇళ్లలోనూ వినిపించింది. మయోసైటిస్‌లో దాడి కండరాల మీద జరుగుతుంది. మయస్థీనియాలో నరమూ కండరమూ కలిసేచోట జరుగుతుంది. మెదడు పంపిన కబురు నరం చివరిదాకా వస్తుంది. కానీ దాన్ని అందుకోవాల్సిన కండరం తలుపులు మూసుకుపోయి ఉంటాయి. అందుకే వాడేకొద్దీ కండరం సొమ్మసిల్లుతుంది, కాస్త విశ్రాంతి దొరికితే తేరుకుంటుంది.

‘కూలీ’ షూటింగ్‌లో 1982లో తీవ్రంగా గాయపడి కోలుకున్న అమితాబ్ బచ్చన్‌కి తర్వాత కొన్నాళ్లకు బయటపడిందీ ఈ జబ్బే. ఆ తర్వాత ఆయన ఎన్ని సినిమాలు చేశారో అందరికీ తెలుసు!

జిల్లాలో ఎంతమంది?

ప్రపంచవ్యాప్త అంచనాల ప్రకారం పది లక్షల జనాభాలో సుమారు 150 నుంచి 250 మందికి ఈ జబ్బు ఉండొచ్చు. 2011 లెక్కల్లో ఉమ్మడి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జనాభా కలిపి 50 లక్షలు. అంటే, ఆ లెక్కన ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా ఏడెనిమిది వందల మందికి తక్కువ ఉండకూడదు. కానీ ఊరికొక్కరు కూడా కాదు కదా... ఒకరికొకరు తెలియరు.

ఉద్దానం కిడ్నీ జబ్బు సంగతి వేరు. ఊళ్లకు ఊళ్లు బాధపడ్డాయి కాబట్టి ఆ గోడు బయటికి వినపడింది. పింఛన్లు వచ్చాయి, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రీ వచ్చింది. అరుదైన జబ్బున్నవాళ్లకి గుంపు ఉండదు. వాళ్ల అండ అంతా ఇంట్లోవాళ్లూ, పక్కింటివాళ్లూ, ఊళ్లో మందులిచ్చే ఆర్ఎంపీలే.

1952లో అమెరికాలో ఈ జబ్బున్న కూతురి కోసం జేన్ ఎల్స్‌వర్త్ అనే తల్లి పూనుకుని ఓ సంస్థను ప్రారంభించింది. ఇప్పటికీ అది రోగులకు ఆసరాగా ఉంది. అక్కడైనా మొదలైంది ఇంట్లోంచే!

మందు ఉంది, ఓపిక కావాలి

1934లో లండన్‌లోని గ్రీనిచ్ ఆసుపత్రిలో మేరీ వాకర్ అనే డాక్టరమ్మకు ఓ ఆలోచన వచ్చింది. బాణాలకు పూసే క్యురారే విషం ఎక్కినవాళ్లలా ఈ రోగులూ చతికిలపడుతున్నారు కదా, ఆ విషానికి విరుగుడునే వీళ్లకు ఇస్తే? ఇచ్చి చూసింది. వాలిన రెప్పలు లేచాయి! ఆ కోవలోదే నేటి పిరిడోస్టిగ్మిన్ మాత్ర. దీంతోపాటు స్టెరాయిడ్లు, రోగనిరోధక శక్తిని అదుపుచేసే ఇతర మందులు ఇస్తారు. కొందరికి ఛాతీలోని థైమస్ గ్రంథిని తీసేస్తే మేలు జరుగుతుందని 2016లో వెలువడిన అంతర్జాతీయ పరిశోధన తేల్చింది.

రెప్ప వాలడం, ఒకటి రెండుగా కనిపించడం, మింగడం కష్టమవడం... వీటిలో ఏదైనా సాయంత్రానికి పెరుగుతుంటే విశాఖ కేజీహెచ్ వంటి పెద్దాసుపత్రిలో నరాల నిపుణుడికి చూపించాలి. ఖర్చు గురించి అక్కడి ఆరోగ్యమిత్రను అడిగితే ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏది వర్తిస్తుందో చెబుతారు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన ఈ పథకం తొలి మూడు జిల్లాల్లో శ్రీకాకుళం కూడా ఒకటి.

ఇంట్లోవాళ్లు చేయాల్సింది

* బరువు పనులు పొద్దుటిపూటే పెట్టుకోనివ్వండి. పలాసలో జీడిపప్పు పనికి వెళ్లే మనిషైనా, బొబ్బిలిలో బడిపంతులైనా మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చాల్సిందే. దాన్ని సోమరితనం అనకండి.

* మాత్ర పనిచేసేది మూడు నాలుగు గంటలే. వేళ తప్పకూడదు. నమలడం, మింగడం కష్టంగా ఉన్నవాళ్లు డాక్టరును అడిగి భోజనానికి అరగంట ముందు వేసుకుంటే సులువవుతుంది. పల్చటి మజ్జిగ ముక్కులోకి ఎగదన్నుతుంటే కాస్త చిక్కటి చోడంబలి నయం.

* ఒళ్లు తేలిగ్గా ఉందని స్టెరాయిడ్లు ఒక్కసారిగా మానేయకూడదు. నీరసంగా ఉందని పిరిడోస్టిగ్మిన్ మాత్రలు పెంచుకోనూ కూడదు. రెండూ ప్రమాదమే.

* కబడ్డీ కూతలా ఒక్క గుక్కలో ఒకటి, రెండు, మూడు... అని రోజూ పైకి లెక్కపెట్టించండి. 30 దాకా వెళ్లే మనిషి 15కే ఆగిపోతే, దాంతోపాటు ఆయాసమో, మింగలేకపోవడమో ఉంటే తెల్లారేదాకా చూడొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. శ్వాస కండరాలు అలిసిపోతే వెంటిలేటరు అవసరమవుతుంది.

జేబులో ఓ చీటీ

అసలు చిక్కు మామూలు జ్వరంతో వస్తుంది. ఊళ్లో ఆర్ఎంపీ ఇచ్చే జెంటామైసిన్ ఇంజెక్షను, మందుల షాపులో అడిగితే దొరికే సిప్రోఫ్లాక్సాసిన్, అజిత్రోమైసిన్... ఇతరులకు మామూలు మందులే. మయస్థీనియా ఉన్నవాళ్లకు మాత్రం శ్వాస కండరాలదాకా ముప్పు తేగలవు. కాన్పుల సమయంలో బీపీ పెరిగినవాళ్లకు ఫిట్స్ రాకుండా ఇచ్చే మెగ్నీషియం ఇంజెక్షను కూడా అంతే. మలేరియా తిరిగే సీతంపేట, సాలూరు ఏజెన్సీల్లో వాడే క్వినైన్ అయితే మరీ ముప్పు. జ్వరానికి మందే వద్దని కాదు. ఏ మందన్నది జబ్బు సంగతి తెలిసిన డాక్టరే నిర్ణయించాలి.

అందుకే ఓ అట్టముక్క మీద జబ్బు పేరు, వాడుతున్న మందులు, జాగ్రత్తపడాల్సిన మందులు, డాక్టరు ఫోన్ నంబరు తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ రాసి ప్లాస్టిక్ కవరులో పెట్టండి. ఒకటి చొక్కా జేబులోనో పర్సులోనో, ఒకటి పోపుల డబ్బా పక్కన గోడకి, ఇంకొకటి ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర. మాట పెగలని వేళ ఆ చీటీయే మాట్లాడుతుంది. దాన్ని రాసి పెట్టడానికి అయ్యే ఖర్చు రెండు రూపాయలు కూడా ఉండదు!