అద్దె సైకిలెక్కి ఒలింపిక్స్‌కి...

ఆటగాడికి కాళ్లలో సత్తువ ఉండాలి, బంతి మీద పట్టుండాలి. అవన్నీ ఉన్నా, మైదానం దాకా వెళ్లే దారిఖర్చుల్లేక ఆగిపోయేవాళ్లుంటారు. తులసీదాస్ బలరాం కూడా అలా ఆగిపోవలసినవాడే!

సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో 1936లో ఓ పేద తమిళ కుటుంబంలో పుట్టాడు. కొత్త బూట్లు కొనే స్తోమత లేదు. పోలీసులు వాడి వదిలేసిన బూట్లనే ఫుట్‌బాల్ బూట్లుగా మార్చి కుట్టించుకున్నాడు. అతని ఆట సయ్యద్ అబ్దుల్ రహీం కంట్లో పడింది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టునీ, భారత జట్టునీ తీర్చిదిద్దిన కోచ్ ఆయన. హైదరాబాద్ జట్టు ఎంపికకు రమ్మంటే, ‘అంత దూరం ఎలా రాను?’ అన్నాడు కుర్రాడు. సైకిల్ అద్దెకు డబ్బులు ఇచ్చి మరీ రప్పించారు రహీం సాబ్.

ఆ సైకిల్ చాలా దూరమే వెళ్లింది. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టులో బలరాం ఉన్నాడు. అప్పుడు మనకు నాలుగో స్థానం దక్కింది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో ఇప్పటికీ మన రికార్డు అదే. 1960లో రోమ్‌లో హంగరీ మీదా, పెరూ మీదా గోల్స్ కొట్టాడు. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం గెలిచిన జట్టులోనూ ఉన్నాడు. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ స్వర్ణం రాలేదు. చునీ గోస్వామి, పీకే బెనర్జీ, బలరాం... ఆ రోజుల్లో ముగ్గురి పేర్లూ కలిపే చెప్పుకునేవారు. కలకత్తాలో ఈస్ట్ బెంగాల్ అభిమానులకైతే అతను కళ్లెదుటి హీరో.

1963 ఇద్దరినీ దెబ్బతీసింది. రహీం సాబ్ క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఊపిరితిత్తుల జబ్బు బలరాంను మైదానానికి దూరం చేసింది. అప్పటికి అతనిది ఇంకా చిన్న వయసే. తర్వాతి కాలంలో చునీకీ, పీకేకీ పద్మశ్రీ వచ్చింది. బలరాంకు 1962లో అందుకున్న అర్జునే మిగిలింది. కోల్‌కతా దగ్గర ఉత్తరపారాలో ఒంటరిగా గడిపి, 2023 ఫిబ్రవరి 16న కన్నుమూశాడు. రహీం సాబ్ కథతో 2024లో ‘మైదాన్’ సినిమా వచ్చేసరికి చూడటానికి అతను లేడు.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మైదానాల చుట్టూ ఎన్ని పల్లెలు! బస్సు ఛార్జీ లేక ఇంటి దగ్గరే ఆగిపోయిన పిల్లాడు ఏ ఊళ్లో ఉన్నాడో! బూట్లంటే ఎలాగోలా కుట్టించుకుంటాడు. సైకిల్ అద్దె మాత్రం పెద్దవాళ్లెవరో ఒకరు ఇవ్వాల్సిందే.