బీరువాలో తుపాకి

మొన్నటి సంక్రాంతికి కర్లపాలెం వెళ్ళినప్పుడు మా బాబాయికీ నాకూ ఒక వాగ్వాదం జరిగింది. అది తెగలేదు. తిరుగు ప్రయాణంలో బాపట్ల స్టేషన్లో రైలుకోసం కూర్చున్నప్పుడు, అనవలసిన మాటలన్నీ వరుసగా తోచాయి. ఎప్పుడూ అంతే గదా! వాదన ముగిశాకే సమాధానాలు స్ఫురిస్తాయి. అక్కడ అనలేకపోయినవి ఇక్కడ అంటున్నాను.

విషయం ఇదీ. మా తాతగారి పన్నెండు బోరు రెండు గొట్టాల తుపాకి వారసత్వంగా బాబాయికి వచ్చింది. లైసెన్సు ఉంది, ప్రతిసారీ గడువులోపలే పునరుద్ధరించుకుంటున్నాడు. ఈమధ్య ఆయన మామగారు కాలం చేశారు. వారి తుపాకి ఇప్పుడు లైసెన్సున్న ఒక ఆయుధాల దుకాణంలో జమలో ఉంది. బావమరుదులకు అక్కరలేదట. దాన్ని కూడా తన లైసెన్సులోనే చేర్పించుకోవాలని బాబాయి సంకల్పం. "2022లో జిల్లా వచ్చినప్పటినుంచీ కలెక్టరాఫీసు బాపట్లలోనే ఉందిగా, గుంటూరు తిరిగే బాధ కూడా లేదు" అని ఉత్సాహం.

నేనడిగింది ఒక్కటే ప్రశ్న. "రెండోది ఎక్కడ పెడతావు బాబాయ్?"

"ఎక్కడేమిట్రా? బీరువాలో. మొదటిదాని పక్కన."

ఆ బీరువా నాకు బాగా తెలుసు. పిన్ని పెళ్ళినాటిది. పట్టుచీరల వెనక తుపాకి నిలబెట్టి ఉంటుంది. కింది సొరుగులో పొలం దస్తావేజులు, వాటికింద తూటాల పెట్టె. తాళంచెవి పిన్ని గుత్తిలో, ఆ గుత్తి వంటింటి మేకుకు. ఈ సంగతి ఆరేళ్ళ మనవడితో సహా ఇంటిల్లిపాదికీ తెలుసు. పండగ నాలుగు రోజుల్లోనూ ఆ గదిలో పిల్లలు దాగుడుమూతలు ఆడుతూనే ఉన్నారు.

నాకూ ఆ వయసు ఉండేది. అప్పట్లో తుపాకి బీరువాలో కాదు, తాతగారి గదిలో గోడమీద రెండు కొయ్యలకు ఆనించి ఉండేది. ఒక మధ్యాహ్నం పెద్దలందరూ కునుకు తీస్తుండగా బల్ల ఎక్కి దాన్ని దించాను. మోయలేక మడతమంచం మీద ఆనించి, ఎదురుగా నవ్వుతూ నిలబడిన మా పెద్దమ్మ కొడుకు మీదికి గురిపెట్టి మీట నొక్కాను. టక్కుమంది. అంతే. లోపల తూటా లేదు. లేదని నాకు తెలియదు. వాడికీ తెలియదు. ఈనాటికి వాడు ఇద్దరు పిల్లల తండ్రిగా తిరుగుతున్నాడంటే అది మా ఇంటి జాగ్రత్త వల్ల కాదు; అంతకుముందు తుపాకి తుడిచినవారు తూటా తీసి పక్కన పెట్టడం వల్ల. మా తాతగారు మంచివారు, బాధ్యత తెలిసినవారు. అయినా ఆ మధ్యాహ్నం ఆయన నిద్రపోతున్నారు. తుపాకి విషయంలో మనిషి మంచితనం అతను మేలుకొని ఉన్నంతసేపే పనికివస్తుంది.

ఇది చెబితే బాబాయి నవ్వి, చరిత్రలోకి తీసుకెళ్ళాడు. 1878లో లిట్టన్ దొర తెచ్చిన ఆయుధాల చట్టం మన చేతుల్లోంచి ఆయుధాలు లాక్కుందనీ, తెల్లవారికి మాత్రం మినహాయింపులిచ్చిందనీ, ఆ బుద్ధే ఇంకా మన ప్రభుత్వాలకు పోలేదనీ ఆయన అభియోగం. మొదటి రెండు మాటలూ నిజమే. కాదనను. ఆ చట్టం అవమానకరమైనది. కాని ఆ అవమానానికీ, పట్టుచీరల వెనక తుపాకికీ సంబంధమేమిటి? లిట్టన్ మీద కోపంతో మనవడి ప్రాణాన్ని మేకుకు తగిలించడం దేశభక్తి ఎలా అవుతుంది?

బాబాయి రెండో ఫిర్యాదు సంఖ్య గురించి. 1983 సవరణ మనిషికి మూడు తుపాకులని హద్దు పెట్టింది. 2019 డిసెంబరులో దాన్ని రెండుకు దించారు. బిల్లు పెట్టినప్పుడు ఒక్కటే అన్నారు, చట్టమయ్యేసరికి రెండయింది. వారసత్వంగా వచ్చేవాటికీ అదే హద్దు. ఇక్కడ బాబాయితో నేను సగం ఏకీభవిస్తాను, కారణం మాత్రం వేరు. లెక్క తగ్గిస్తే భద్రత పెరుగుతుందనుకోవడం భ్రమ. మూడు తుపాకులను గోడకు బిగించిన ఇనుపపెట్టెలో ఉంచినవాడికంటే, ఒక్కదాన్ని మంచం కింద పెట్టుకున్నవాడే ప్రమాదకారి. అదే సవరణ లైసెన్సు గడువును మూడేళ్ళనుంచి ఐదేళ్ళకు పెంచింది. అంటే తుపాకుల సంఖ్య తగ్గించి, వాటి యజమానిని మళ్ళీ పలకరించే వ్యవధిని పొడిగించారన్నమాట.

శిక్షలు చూడండి. లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకుంటే కనీసం రెండేళ్ళ జైలు. పెళ్ళి ఊరేగింపులో ఎదుటివారి ప్రాణానికి ముప్పు కలిగేలా కాలిస్తే రెండేళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మరి లైసెన్సు షరతులను ఉల్లంఘిస్తే? ముప్పయ్యో సెక్షను ప్రకారం ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కాగితం లేకపోవడం మహానేరం. కాగితం ఉండి అజాగ్రత్తగా ఉండడం చిల్లర తప్పు! 2016 నిబంధనలు శిక్షణ అడుగుతాయి, వైద్యుడి ధ్రువపత్రం అడుగుతాయి, ఆయుధాన్ని భద్రంగా ఉంచుతానన్న హామీ కూడా అడుగుతాయి. మంచిదే. కాని హామీ అన్నది కాగితం. కాగితానికి గొళ్ళెం ఉండదు.

మా పెద్దమ్మ మనవడొకడు ఇంగ్లండులో ఉన్నాడు. సెలవుదినాల్లో గాల్లోకి విసిరిన మట్టిబిళ్ళలను కాల్చే ఆట వాడికి అలవాటైంది. 1987లో హంగర్‌ఫర్డ్ పట్టణంలో ఒకడు పదహారుమందిని కాల్చి చంపాక, మరుసటి ఏడాది అక్కడ చట్టాన్ని బిగించి, షాట్‌గన్ల భద్రతను కూడా సర్టిఫికెట్టు షరతుల్లో చేర్చారు. ఇప్పుడక్కడ సర్టిఫికెట్టు ఉన్నవాడు ఇన్నే షాట్‌గన్లు ఉంచుకోవాలన్న హద్దు లేదు. కొత్తది చేరినప్పుడల్లా ఏడు రోజుల్లో పోలీసులకు తెలియజేయాలి. కాని ఉన్నవన్నీ అనుమతి లేని చెయ్యి తగలకుండా భద్రపరచి తీరాలి. మావాడి ఇంటికి వచ్చిన అధికారి వాడి ముఖం కంటే వాడి ఇనుపపెట్టెనే ఎక్కువసేపు చూశాడట. గోడకు బిగించిన మరలు కదిలించి చూశాడు. "తాళంచెవి ఎక్కడుంటుందో ఇంకెవరికి తెలుసు?" అని అడిగాడు. "మా ఆవిడకు" అన్నాడు మావాడు అమాయకంగా. ఆమెకు సర్టిఫికెట్టు లేదు కాబట్టి ఆమెకూ తెలియకూడదని అధికారి తేల్చాడు. ఇల్లాలి గుత్తిలో లేని తాళంచెవి ఒకటుంటుందన్న ఊహే మన ఇళ్ళల్లో విడ్డూరం కదా!

అక్కడంతా స్వర్గమని నా ఉద్దేశం కాదు. 2021 ఆగస్టులో ప్లిమత్‌లో ఒకడు ఐదుగురిని చంపింది పోలీసులు తీసుకుని మళ్ళీ తిరిగిచ్చిన లైసెన్సు తుపాకితోనే. యజమానే చెడ్డవాడైతే పెట్టె ఏమీ చేయలేదు. కాని మన బాబాయిలు చెడ్డవాళ్ళు కారు. వాళ్ళ విషయంలో పెట్టె ఒక్కటే చాలు. అది కూడా లేకపోవడమే నా బాధ.

"దొంగ వచ్చినప్పుడు ఇనుపపెట్టె తెరుస్తూ కూర్చోమంటావా?" అన్నాడు బాబాయి. అన్నింటిలోకీ బలమైన వాదన ఇదే కనుక సూటిగా జవాబు చెబుతాను. తాతగారి హయాం నుంచి ఇప్పటివరకూ ఆ తుపాకిని చూసి పారిపోయిన దొంగ ఒక్కడూ లేడు. ఆ తుపాకిని దించి ఆడుకున్న పిల్లవాడు మాత్రం ఒకడున్నాడు, వాడిని నేనే. పైగా ఇల్లు తాళం వేసి తిరపతి వెళ్ళినప్పుడు దొంగ వస్తే, ఆ బీరువాలో అతనికి దొరికే అన్నింటికంటే విలువైన వస్తువు ఏమిటి? 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు మూడు రోజుల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్లమీద పడి ఇరవయ్యారు తుపాకులు పట్టుకుపోయాడు. ఆయన వీరత్వానికి మనం మొక్కుతాం. కాని ఆయుధాలు దాచేవాడి వైపునుంచి చూస్తే అందులో ఒక పాఠం ఉంది. సామ్రాజ్యపు పోలీసు స్టేషనే కాపాడుకోలేనిదాన్ని మన పెళ్ళినాటి బీరువా కాపాడుతుందా?

వేట సాకు కూడా ఇక చెల్లదు. ఒకప్పుడు మా వైపు చెరువుల్లో, మురుగుకాలవల వెంట బాతులను కొట్టేవారు; తాతగారూ కొట్టారు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది, 1991 సవరణతో సరదా వేటకు తలుపులు మూసుకున్నాయి. మిగిలింది పరువు. రెండు తుపాకుల ఇల్లని ఊళ్ళో అనిపించుకోవడం. పరువు కావాలంటే ఆ ఇనుపపెట్టె కొను బాబాయ్, ఊరంతా వచ్చి చూస్తుంది!

2024 ఎన్నికలకు ముందు బాబాయి తన తుపాకిని స్టేషన్లో జమచేసి రసీదు తెచ్చుకున్నాడు. ఆ వేసవిలో ఇంట్లో తుపాకి లేదు. ఎవరికీ లోటనిపించలేదు. పిన్ని మాత్రం "ఆ నాలుగు రోజులూ బీరువాలో చీరలు సర్దుకోవడానికి చోటు దొరికింది" అంది. ఈ మొత్తం వివాదంలో నేను విన్న అత్యంత వివేకవంతమైన మాట అదే.

నేను తుపాకులన్నీ సముద్రంలో పారేయమనడం లేదు. నేను కోరేది చాలా తక్కువ. లైసెన్సులో రెండో ఆయుధం చేర్చేముందు మొదటిది ఎక్కడ ఉంటోందో ఒక మనిషి వచ్చి కళ్ళారా చూడాలి. గోడకు బిగించిన పెట్టె లేనిదే చేర్పు ఉండకూడదు. తూటాలు వేరేచోట, వేరే తాళం కింద ఉండాలి. తాళంచెవి లైసెన్సుదారుడి దగ్గరే ఉండాలి. అజాగ్రత్తకు వేసే శిక్ష రెండు వేల రూపాయల దగ్గర ఆగిపోకూడదు. తండ్రి పోయిన ఇంట్లో పెద్దకర్మ అయ్యేదాకా కూడా ఆగకుండా తుపాకిని స్టేషన్లోనో దుకాణంలోనో అప్పగించాలని వారసులకు తెలియాలి. ఇరవయ్యొకటో సెక్షను చెప్పేది అదే. బాబాయి మామగారి ఇంట్లో ఆ పని చక్కగా చేశారు. ఆ బుద్ధి బతికి ఉన్నవాళ్ళ తుపాకుల విషయంలోనూ ఉండాలంటాను, అంతే.

నేను బయలుదేరేటప్పుడు బాబాయి గుమ్మందాకా వచ్చి, "ఆ ఇనుపపెట్టె ఎంతవుతుందిరా?" అని అడిగాడు. ఎగతాళికో, నిజంగానో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు. ధర కనుక్కుని చెబుతానన్నాను. ఇది చదివేవారిలో ఎవరింట్లోనైనా తాతలనాటి తుపాకి ఉంటే, నాతో వాదించేముందు ఒక్కసారి లేచి వెళ్ళి అది ఎక్కడుందో, తాళంచెవి ఎక్కడ వేలాడుతోందో చూసి రండి. ఆ తరవాత ఎంతసేపైనా వాదించుకుందాం.