పరుగు లేని రోజు

మానుకోటలో తెల్లారకముందే పరుగు మొదలవుతుంది. కానిస్టేబుల్ కొలువు కోసమో, ఆర్మీ కోసమో సాధన చేసే పిల్లలు చీకట్లోనే రోడ్డెక్కుతారు. 2022 పోలీసు నోటిఫికేషన్‌లో అబ్బాయిలకు 1600 మీటర్లకు 7 నిమిషాల 15 సెకన్లు, అమ్మాయిలకు 800 మీటర్లకు 5 నిమిషాల 20 సెకన్లు గడువు పెట్టారు. ఒక్క సెకను ఆలస్యమైనా అంతే సంగతులు.

అందుకే ఒక్క పొద్దు ఇంటిపట్టున ఉంటే ప్రాణం ఉసూరుమంటుంది. "ఇయ్యాల పోలేదా బిడ్డా?" అని అమ్మ ప్రేమగానే అడుగుతుంది. పిల్లవాడికి మాత్రం తప్పు చేసినట్టుంటుంది. పిక్కలు పట్టేసినా, మోకాలి కింద ఎముక నొక్కితే కలుక్కుమంటున్నా, నొప్పి మాత్ర వేసుకుని మళ్లీ బూట్లు బిగిస్తాడు.

పరుగెత్తేటప్పుడు కండ బలపడదు, అలిసిపోతుంది. దాని పోగుల్లో సన్నని చీలికలు వస్తాయి. అవి మాని, మునుపటికంటే గట్టిపడేది తిని పడుకున్నాకే. ఎముకకైతే ఇంకా ఓపిక కావాలి. ఆ విశ్రాంతి దొరక్కపోతే ముందు నొప్పి, తర్వాత పగులు. 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్‌లో కామన్వెల్త్ స్వర్ణం గెలిచిన పి.వి.సింధుకు ఎడమ చీలమండలో వచ్చింది అలాంటి పగులే. ఆ నెలలోనే ఉన్న ప్రపంచ చాంపియన్‌షిప్‌ను వదులుకుంది. మళ్లీ బరిలోకి దిగింది 2023 జనవరిలో. అంతటి ఆటగత్తెకు కూడా ఆ నెలలు ఎంత బరువుగా గడిచాయో!

పొరుగు వరంగల్ జిల్లా కల్లెడ బిడ్డ దీప్తి జివాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లను 55.82 సెకన్లలో పరుగెత్తి కాంస్యం తెచ్చినప్పుడు ఇటువైపు ఊళ్లన్నీ మురిసిపోయాయి. మనం చూసేది ఆ నిమిషంలోపు పరుగునే. పరుగులేని రోజుల గురించి ఎవరమూ అడగం.

ఆగితే ఏమవుతుందోనన్న బెరుకు ఈ పిల్లల్లో ఊరికే పుట్టలేదనిపిస్తుంది. కూలికి పోని రోజు పూట గడవని ఇళ్లు చాలామందివి. కూర్చుని తింటే కొండలైనా తరుగుతాయని వింటూ పెరిగారు. అమ్మానాన్నలకు దొరకని తీరిక తాము తీసుకోవడమా అని లోలోపల సంకోచం. అందులో ఎంత ప్రేమ ఉందో తలుచుకుంటే గుండె తడి అవుతుంది.

అయినా ఆ ఇళ్లలోనే, నాగలి విప్పాక ఎడ్ల ఒళ్లు రుద్ది, మేత వేసి, నీడన కట్టేసేవారు. మర్నాడు దున్నాల్సింది అవేనని తెలుసు గనుక.

ఆదివారం ఒక్కరోజు పిల్లవాడు పొద్దెక్కేదాకా పడుకుంటే దుప్పటి లాగకండి. లేచాక పళ్లెంలో ఓ గుడ్డు ఎక్కువ వేస్తే ఇంకా సంతోషం.