రెండు చెవులతో వినాలి

ఒకవైపే పనిచేసే ఇయర్‌ఫోన్స్‌తో జనగామ రైల్లో ఆర్నెట్ కోల్‌మన్ ‘ఫ్రీ జాజ్’ ఆల్బమ్ పెట్టా. మూడు నిమిషాలకే ఆపేశా. వట్టి గోల!

పండక్కి ఊళ్లో తాత డప్పు కొడుతుంటే పక్కన నిలబడ్డా. “ఒక్కని డప్పే ఇంటే ఏం తెలుస్తదిరా? నడిమిట్లకు రా” అన్నడు. వెళ్లా. ఒకరు దరువు మారిస్తే ఇంకొకరు అందుకుంటున్నరు. ఎవరి దగ్గరా కాగితం లేదు.

తిరుగు ప్రయాణంలో కొత్త ఇయర్‌ఫోన్స్ కొని మళ్లీ విన్నా. 1960 డిసెంబర్ 21న రికార్డు చేసిన ఆల్బమ్ అది. ఎనిమిది మంది, రెండు జట్లు. ఒకటి ఎడమ చెవిలో, ఇంకోటి కుడి చెవిలో. మధ్యలో చిన్న చిన్న ట్యూన్లు తప్ప 37 నిమిషాలూ అప్పటికప్పుడు అల్లిందే. అంటే మొదట నేను విన్నది సగం మందినే!

ఇంజనీరింగ్ నాలుగేళ్లూ తాత డప్పు సంగతి ఎవరికీ చెప్పలే. ఇవాళ నా స్టేటస్ నిండా ఆయనే.